బంగారం ఏ రూపంలో కొనాలి? నగ, నాణెం, ఈటీఎఫ్, బాండు: దేని లెక్క ఎలా ఉంటుంది

ప్రపంచంలో అతిపెద్ద బంగారు నిల్వ ఏ ప్రభుత్వం దగ్గర ఉందని అడిగితే అమెరికా అని చాలామంది సరిగ్గానే చెబుతారు. అక్కడి ఖజానాలో ఉన్నది 8,133 టన్నులు. దానికి జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ నిల్వలు కలిపినా మొత్తం సుమారు 16,400 టన్నులే అవుతుంది. భారతీయుల మెడల్లో, బీరువాల్లో, లాకర్లలో ఉన్న బంగారం మాత్రం దాదాపు 25,000 టన్నులని వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ అంచనా. మన రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్నది 880 టన్నులకు అటూ ఇటూ.

ఇంత బంగారం కూడబెట్టిన జనానికి దాన్ని కొనే విద్య కరతలామలకమై ఉండాలి. జరుగుతున్నది వేరు. ధర ఎప్పుడు దిగుతుందా అని వారాల తరబడి పేపరు చూసి, గ్రాముకు యాభై రూపాయలు తగ్గిన రోజున దుకాణానికి వెళ్ళి, అదే బిల్లులో తరుగు పేరిట గ్రాముకు వెయ్యికి పైగా సమర్పించుకుని వచ్చేవారే ఎక్కువ. కొనే రోజు కంటే కొనే రూపమే మీ చేతికి చివరికి ఎంత మిగులుతుందో నిర్ణయిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో బంగారం కొనవచ్చా కూడదా అన్న వాదనలోకి పోకుండా, కొనదలచుకున్నవారు దాన్ని ఏ రూపంలో కొంటే ఎవరికి సరిపోతుందో చూద్దాం.

నగ: బిల్లును ఒక్కసారి విప్పి చూస్తే

లెక్క సులువుగా ఉండడానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు 20 గ్రాముల గొలుసు కొన్నారు. బంగారం విలువ 2,00,000. తరుగు, మజూరీ కలిపి 14 శాతం వేస్తే 28,000. ఈ రెండింటి మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 6,840. హాల్‌మార్క్ రుసుము వస్తువుకు 45 రూపాయలు, దాని మీద పన్నుతో కలిపి 53. చెల్లించవలసింది 2,34,893. మరునాడు ఏదో అవసరం వచ్చి అదే గొలుసును నగదుకు అమ్మబోతే, దుకాణదారు బంగారం విలువ మాత్రమే లెక్కగట్టి అందులోనూ రెండు శాతం కోసుకుంటాడనుకుంటే మీ చేతికి వచ్చేది 1,96,000. ఒక్క రాత్రిలో దాదాపు 39,000 రూపాయలు పోయాయి. మీ పెట్టుబడి మీ చేతికి తిరిగి రావాలంటే బంగారం ధర దాదాపు 20 శాతం పెరగాలి. నక్సీ పని ఉన్న హారాలకు, గుత్తపూసలకు తరుగు ఇరవై శాతం దాటడం సాధారణం కాబట్టి అక్కడ ఈ అంతరం ఇంకా పెద్దది.

రాళ్ళ నగల్లో మరో చిక్కు ఉంది. కెంపులు, పచ్చలు, పూసలు, లక్క కలిపిన మొత్తం తూకం వేరు, అందులో బంగారం తూకం వేరు. బిల్లులో ఈ రెండూ విడివిడిగా రాసి ఉండాలి. తిరిగి అమ్మేటప్పుడు మామూలు రాళ్ళకు పైసా రాదు. తాకట్టు పెట్టేటప్పుడూ వాటి బరువు తీసేసే లెక్కగడతారు. ఈ రెండు అంకెలూ వేరుగా చూపని బిల్లును ఒప్పుకోకపోవడమే మంచిది.

స్వచ్ఛత విషయంలో మాత్రం మన తల్లిదండ్రుల కాలం కన్నా మనం అదృష్టవంతులం. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ సంఖ్యను ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి కేర్ యాప్‌లో కొడితే ఆ వస్తువు ఏ రకమో, స్వచ్ఛత ఎంతో, ఎక్కడ పరీక్షించారో కనిపిస్తుంది. మీ చేతిలో ఉన్నది ఉంగరమై, యాప్ గాజు అని చూపిస్తే అక్కడే ఆగిపోవాలి. ఇప్పటికీ కొందరు గొప్పగా చెప్పుకునే 'కేడీఎం' అన్నది కాడ్మియం కలిపి అతికే పద్ధతి పేరే తప్ప స్వచ్ఛతకు హామీ కాదు.

ఇంత నష్టం ఉన్నా మనవాళ్ళు నగనే ఎందుకు నమ్ముకున్నారంటే మోజు ఒక్కటే కారణం కాదు. మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగలు 14 క్యారెట్లకు మించకూడదన్నారు. 1968 నాటి చట్టం కడ్డీలు, బిస్కెట్ల రూపంలో బంగారం దాచుకోవడాన్నే నిషేధించింది. అది 1990లో రద్దయ్యేదాకా సామాన్యుడికి చట్టబద్ధంగా మిగిలిన దారి నగ ఒక్కటే. ఆ నిర్బంధం పోయి మూడు దశాబ్దాలు దాటింది గానీ అలవాటు పోలేదు. కట్టడి మన దేశానికే ప్రత్యేకమూ కాదు. 1933 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజల దగ్గరి బంగారు నాణేలు, కడ్డీలు ఔన్సుకు (సుమారు 31 గ్రాములు) 20.67 డాలర్ల చొప్పున ప్రభుత్వానికి అప్పగించాలని ఆదేశించాడు; మరుసటి ఏడాదే ప్రభుత్వం ఔన్సు ధరను 35 డాలర్లు చేసింది. స్వేచ్ఛా విపణికి పెట్టింది పేరైన దేశంలో ఈ పని జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

నాణెం, బిస్కెట్

పై లెక్కనే నాణేనికి వేద్దాం. రెండు లక్షల విలువైన బంగారానికి తయారీ ఖర్చు 3 శాతం, దానిపైన జీఎస్టీ 3 శాతం కలిపితే 2,12,180 అవుతుంది. నగలాగే రెండు శాతం కోతతో అమ్మితే వచ్చేది 1,96,000. ధర ఎనిమిది శాతం పైచిలుకు పెరిగితే పెట్టుబడి తిరిగి వస్తుంది. గొలుసుతో పోలిస్తే ఇది సగం కన్నా తక్కువ నష్టం. నాణెం చిన్నదయ్యేకొద్దీ తయారీ ఖర్చు శాతం పెరుగుతుంది కాబట్టి అక్షయ తృతీయ నాడు అర గ్రాము, గ్రాము నాణేలు ఏటా కొనే అలవాటు కన్నా ఒకేసారి 10 గ్రాములు కొనడం లాభం. బ్యాంకుల్లో కొన్న నాణేలను ఆ బ్యాంకులు తిరిగి కొనవన్నది చాలామందికి కొన్న తర్వాత గానీ తెలియదు. అమ్మాలంటే మళ్ళీ నగల దుకాణానికే వెళ్ళాలి.

నెలవారీ బంగారు పథకాలు

నగల దుకాణాలు నడిపే పథకాలన్నీ పదకొండు నెలల దగ్గరే ఎందుకు ఆగుతాయో గమనించారా? కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సు 365 రోజుల్లోగా ఆ సరుకు కింద జమ కాకపోతే అది డిపాజిట్ అవుతుంది. డిపాజిట్ తీసుకోవాలంటే మరిన్ని కట్టుబాట్లు ఉంటాయి. అందుకే ఏడాది నిండకముందే పథకం ముగుస్తుంది. 'పన్నెండో వాయిదా మాది' అనో, 'తరుగు లేదు' అనో ఇచ్చే ప్రోత్సాహకం పెళ్ళి లాంటి నిర్ణీత అవసరం ఉన్నవారికి నిజంగానే కలిసి వస్తుంది. అయితే తరుగు మినహాయింపు ఎంత శాతం వరకో, ఏయే నగలకు వర్తించదో చేరేముందే రాతపూర్వకంగా అడగాలి. వాయిదా కట్టిన నెలనాటి ధరకు బంగారం జమ చేసే పథకం వేరు, డబ్బు మాత్రమే జమ చేసి చివరి రోజు ధరకు నగ ఇచ్చే పథకం వేరు. ధర పెరుగుతున్న ఏడాదిలో మొదటిదానికీ రెండోదానికీ వేల రూపాయల తేడా వస్తుంది. దుకాణం మూతపడితే మీరు హామీ లేని అప్పులవాళ్ళ వరుసలో నిలబడవలసి వస్తుందన్నది కూడా గుర్తుంచుకుని, పాతుకుపోయిన దుకాణాన్నే ఎంచుకోవాలి.

కాగితం మీది బంగారం

ఈటీఎఫ్ అంటే మీ బదులు ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ 24 క్యారెట్ల బంగారం కొని భద్రపరచి, దాని విలువకు యూనిట్లు ఇవ్వడం. వాటిని షేర్లలాగే డీమ్యాట్ ఖాతాలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) కొని అమ్ముకోవచ్చు. మన దేశంలో ఇవి 2007 నుంచి ఉన్నాయి. తరుగు లేదు, మజూరీ లేదు, యూనిట్ కొన్నందుకు మీరు 3 శాతం జీఎస్టీ కట్టనక్కరలేదు. బదులుగా నిర్వహణ ఖర్చు ఏటా కొద్దికొద్దిగా కోస్తారు. అది 0.6 శాతం అనుకుంటే, నాణెం కొన్న మరునాడే పోయే సొమ్ముకు సమానం కావడానికి ఈటీఎఫ్‌కు పన్నెండు, పదమూడేళ్ళు పడుతుంది. అంతకు మించి దాచేవారికి నాణెం చవక అనిపించవచ్చు, కానీ అప్పుడు లాకరు అద్దె కూడా లెక్కలో కలపాలి. పన్నులోనూ ఈటీఎఫ్‌కు కొంత మొగ్గు ఉంది. 2024 జులై మార్పుల తర్వాత భౌతిక బంగారం మీద లాభాన్ని దీర్ఘకాలికంగా లెక్కించి 12.5 శాతం పన్ను వేయాలంటే 24 నెలలు ఉంచుకోవాలి. ఈటీఎఫ్‌కు 12 నెలలు చాలు. డీమ్యాట్ ఖాతా లేనివారికి, నెలనెలా కొద్ది మొత్తం వేయదలచినవారికి గోల్డ్ ఫండ్లు ఉన్నాయి. అవి ఈటీఎఫ్‌లోనే డబ్బు పెడతాయి కనుక ఖర్చు కాస్త పెరుగుతుంది, వాటికి ఈ పన్ను గడువు 24 నెలలు.

ప్రభుత్వ పసిడి బాండ్ల కథ వేరు. ప్రభుత్వం జనం దగ్గర అప్పుగా డబ్బు తీసుకుని, గడువు తీరాక అప్పటి బంగారం ధర చొప్పున తిరిగి చెల్లించే పత్రాలివి. 2015 నవంబరులో తొలి విడత గ్రాము 2,684 రూపాయలకు ఇచ్చారు. ఎనిమిదేళ్ళ తర్వాత 2023 నవంబరులో గ్రాముకు 6,132 చొప్పున తిరిగి చెల్లించారు. పైగా ఏటా వడ్డీ. తరువాతి విడతల్లో ఆ వడ్డీ 2.5 శాతం. గడువు దాకా ఉంచుకున్నవారికి లాభం మీద పన్ను లేదు. కొనుగోలుదారుకు ఇంతకంటే మంచి బంగారు పథకం మన దేశంలో రాలేదని నా అభిప్రాయం. ఆ మంచితనమే దాని పాలిట శత్రువైంది: ధర పెరిగేకొద్దీ ప్రభుత్వానికి ఈ అప్పు మోయలేని భారంగా మారి, 2024 ఫిబ్రవరి విడత తర్వాత కొత్త విడుదలలు ఆగిపోయాయి. ఇప్పుడు కొనాలంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో మరొకరి దగ్గర కొనాలి. అక్కడ లావాదేవీలు పలచన, కొన్ని విడతలు అసలు బంగారం ధర కన్నా ఎక్కువకే దొరుకుతాయి. పన్ను మినహాయింపును 2026 బడ్జెట్ తొలి విడుదలలో కొని గడువు దాకా అట్టిపెట్టుకున్నవారికే పరిమితం చేసింది. కాబట్టి పాత పొగడ్తలు చదివి ఇప్పుడు వీటి వెంట పడనక్కరలేదు. ఇదివరకే ఉన్నవారు మాత్రం తొందరపడి అమ్ముకోకూడదు.

ఫోన్ యాప్‌లలో పది రూపాయలకు కూడా దొరికే 'డిజిటల్ గోల్డ్' గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొనేటప్పుడు 3 శాతం జీఎస్టీ ఉంది, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య అంతరం ఉంది, నియంత్రణ సంస్థ లేదు. అది తమ పరిధిలోకి రాదని, జాగ్రత్తగా ఉండాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో బాహాటంగానే హెచ్చరించింది. ఈటీఎఫ్ కొనగలిగినవారు దీన్ని ఎంచుకోవడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

తాకట్టు దగ్గర వరుస తిరగబడుతుంది

ఇంతవరకు చూసిన లెక్కలో నగ అట్టడుగున, ఈటీఎఫ్ పైన ఉన్నాయి. అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరవలసి వచ్చినా, దుక్కి వేళకు విత్తనాలూ ఎరువులూ కొనవలసి వచ్చినా ఈ వరుస తలకిందులవుతుంది. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నాటికి అమలు కావాలన్న నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. అప్పు తీర్చాక ఏడు పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలి. ఈ సదుపాయం నగలకు, నాణేలకే. నాణేలైతే 50 గ్రాముల వరకే. బిస్కెట్లకు, కడ్డీలకు, ఈటీఎఫ్ యూనిట్లకు ఈ తాకట్టు అప్పు దొరకదు. దుకాణంలో కొన్న నాణేలను తీసుకోవడానికి కూడా చాలా శాఖలు ఇష్టపడవు. ఈటీఎఫ్ ఉన్నవారు అమ్ముకోవచ్చు గానీ సొమ్ము ఖాతాలో పడటానికి ఒకటి రెండు పనిదినాలు పడుతుంది, పైగా అమ్మింది అమ్మినట్టే.

తాకట్టు విలువ కట్టేది 22 క్యారెట్ల ధర మీద. అదీ గత 30 రోజుల సగటు, నిన్నటి ధర ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీద. అందువల్ల తాకట్టు అవసరం తరచుగా పడే ఇంట్లో తరుగు తక్కువగా ఉండే సాదా గొలుసులు, గాజులు ఉండడం తెలివైన పని. రాళ్ళ హారం ఆ పనికి రాదు. ఇలాంటి అవసరం దేశాలకూ పడింది: 1991 జులైలో విదేశీ మారకం అడుగంటినప్పుడు మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చుకుంది. 2009కి వచ్చేసరికి అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నుంచి 200 టన్నులు కొన్నది.

భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లాకరులో పెడితే బ్యాంకు పూచీ అనుకుంటాం. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే దక్కేది మూడు లక్షలు. లోపల ముప్పై లక్షల నగ ఉన్నా అంతే. వరదలూ భూకంపాలూ వస్తే అదీ లేదు. నగలకు విడిగా బీమా చేయించుకోవచ్చు, దాని ఖర్చు కూడా నగ ఖాతాలోదే.

ధర మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు

1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరింది. ఆ అంకెను మళ్ళీ దాటింది 2008 జనవరిలో. ఇరవై ఎనిమిదేళ్ళు! మనకు ఆ నొప్పి తెలియకపోవడానికి కారణం రూపాయి. అప్పట్లో డాలరు సుమారు 8 రూపాయలు, 2008 మొదట్లో దాదాపు 40. డాలర్లలో బంగారం కదలకపోయినా రూపాయి పడిపోవడం వల్ల మన లెక్కలో అది ఐదు రెట్లయింది. ఐదు రెట్లంటే గొప్పగా వినిపిస్తుంది గానీ ఏటా ఆరు శాతం లోపే. ఆ కాలంలో బ్యాంకు డిపాజిట్లు అంతకన్నా ఎక్కువే ఇచ్చాయి. ధర అట్టడుగున ఉన్నదని నిపుణులకూ తెలియదు: 1999 నుంచి 2002 వరకు బ్రిటన్ ప్రభుత్వం తన బంగారంలో దాదాపు 395 టన్నులను ఔన్సుకు సగటున 275 డాలర్లకు అమ్మేసింది, 2025 అక్టోబరులో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఈ రెండు ఉదాహరణలూ చూశాక, పదేళ్ళ లోపు తప్పనిసరిగా కావలసిన డబ్బు మొత్తాన్ని బంగారంలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఎవరికి ఏది

పదేళ్ళ తర్వాత కూతురి పెళ్ళి కోసం ఇప్పటినుంచే నగలు చేయించి పెట్టడం మనలో చాలా ఇళ్ళ ఆనవాయితీ. లెక్క ప్రకారం ఇది అన్నిటికన్నా ఖరీదైన దారి. ఆ వేళకు ఆ నమూనా పాతబడి, అమ్మాయి వద్దంటే కరిగించి మళ్ళీ చేయించాలి. అంటే తరుగు రెండుసార్లు. ఈటీఎఫ్‌లోనో గోల్డ్ ఫండ్‌లోనో దాచి, పెళ్ళికి ఏడాది ముందు పథకంలో చేరి అప్పటి నమూనాలో కొంటే తరుగు ఒక్కసారే. మధ్యలో లాభం మీద పన్ను కట్టవలసి వచ్చినా ఇదే నయం. నెలజీతం మీద బతుకుతూ, ఆరోగ్య బీమా, అత్యవసర నిధి ఉన్నవారికి కూడా ఈటీఎఫ్ చాలు; నామినీ పేరు రాయడం మరిచిపోకూడదు.

వ్యవసాయ కుటుంబానికి, చిన్న వ్యాపారికి నేను ఇదే మాట చెప్పను. ఏటా పెట్టుబడికి అప్పు తప్పనివారికి తక్కువ తరుగుతో కొన్న సాదా నగలే సరైనవి. కొన్నప్పుడు పోయిన పది శాతం, వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే అప్పు తప్పితే తొందరగానే తిరిగి వస్తుంది. ఇంట్లో ఇప్పటికే అక్కరకు మించిన నగ ఉంటే కొత్తది కొనడం ఆపి మిగులు సొమ్మును ఈటీఎఫ్‌కు మళ్ళించవచ్చు.

గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల, కోనసీమ, కడప కుటుంబాలకు మరో అవకాశం ఉంది. 2024 జులైలో మన దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించిన తర్వాత దుబాయి ధరకూ ఇక్కడి ధరకూ తేడా బాగా కుంచించుకుపోయింది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకోగల నగల తూకం మహిళలకు 40, పురుషులకు 20 గ్రాములు. దానికి మించి తెచ్చేవారు విమానాశ్రయంలో ప్రకటించి సుంకం కట్టి రసీదు తీసుకోవాలి. అక్కడి దుకాణాల్లో మజూరీ మీద బేరం బాగా సాగుతుంది కనుక సుంకం లేని ఆ కొద్ది తూకాన్ని నాణేల రూపంలో కాక నగల రూపంలోనే తెచ్చుకోవడం మేలు. మినహాయింపు ఇచ్చింది కూడా నగలకే, నాణేలకు కాదు.